నక్కపల్లి దగ్గర ఆగిన అంబాసిడర్

మళ్లీ ఆగేసరికి రాత్రి తొమ్మిది దాటింది. తాండవ వంతెన దాటి, పాయకరావుపేట దాటి, నక్కపల్లి ఇంకా రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా బండి ఒకసారి తడబడింది. ముందుకీ వెనక్కీ ఊగింది. ఇంజను చప్పుడు సన్నబడి ఆగిపోయింది. మేనల్లుడు ఆ ఊపు మీదే బండిని హైవే వారకి దింపేశాడు. పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే కారు మొత్తం అదురుతోంది. వెనకసీట్లో అత్తయ్య ఒడిలోని పూలబుట్ట తీసి పక్కన పెట్టింది.

"పొద్దున్నకి అందుకుంటాం అంటావా?"

మేనల్లుడు బదులివ్వలేదు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

తెల్లారితే 2024 మే 10, వైశాఖ శుద్ధ తదియ. సింహాచలంలో చందనోత్సవం. ఏడాది పొడుగునా చందనపు పూతలో ఉండే అప్పన్న నిజరూపంతో దర్శనమిచ్చేది ఆ ఒక్క రోజే. మోకాలి ఆపరేషన్ అయి నడవగలిగితే కొండకొస్తానని అత్తయ్య మొక్కుకుంది. రైలుకి వెళదామని పిల్లలు పోరారు. మన బండి ఉండగా రైలెందుకన్నారు మాస్టారు. పేర్లు రాయొద్దని ముగ్గురూ అడిగారు కాబట్టి వాళ్లని ఇంట్లో పిలుచుకునే వరసలతోనే ఈ కథ చెబుతున్నాను.

బండి 1986 నాటి మార్క్ ఫోర్ అంబాసిడర్, 1489 సీసీ పెట్రోలు ఇంజను. మాస్టారు హైస్కూల్లో పనిచేస్తున్న రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఇద్దరు కూతుళ్లని పెళ్లి చేసి అత్తారింటికి పంపింది అందులోనే. బెంగాల్లోని ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయాక, ఆ కారుని ఇంట్లో ఉంచుకోవడమంటే విడిభాగాల కోసం కొట్ల చుట్టూ తిరగడమే. అయినా ఆయన అమ్మలేదు. తప్పని నేననుకోను. చక్కగా నడిచే యంత్రాన్ని పాతదయిందన్న ఒక్క కారణంతో తుక్కు కింద తూచేసే తొందర మనకి ఈమధ్య మరీ ఎక్కువైంది.

రాజమండ్రిలో మధ్యాహ్నం మూడింటికి బయలుదేరారు. జగ్గంపేట దాటాక మొదటిసారి ఆగింది. మండే ఎండ. బానెట్ ఎత్తితే మొహం మీదికి సెగ కొట్టింది. మాస్టారు తడుముకోకుండా, "గాలి పట్టిందిరా. పంపు మీద తడిగుడ్డ వెయ్" అన్నారు.

అంబాసిడర్ నడిపిన ప్రతివాడికీ తెలిసిన వైద్యం అది. పాత కార్లలో పెట్రోలు పంపు ఇంజను పక్కనే ఉంటుంది. ఇంజను తిరుగుతుంటే ఒక మీట పైకీ కిందికీ ఆడుతూ పంపులోని డయాఫ్రం అనే పల్చటి పొరని లాగుతుంది. ఆ లాగుడికి కారు వెనకాల ట్యాంకులో ఉన్న పెట్రోలు సన్నటి ఇనప గొట్టంలోంచి ముందుదాకా రావాలి. ఇప్పటి కార్లలో కరెంటు పంపు ట్యాంకులోనే కూర్చుని పెట్రోలుని ముందుకి నెడుతుంది. పాతదానిది పీల్చే పని. పెట్రోలులో తేలికపాటి భాగం నలభై డిగ్రీల లోపే ఆవిరవడం మొదలెడుతుంది. అసలే పీల్చుడు మీదున్న గొట్టంలో ఒత్తిడి తగ్గి ఉంటుంది కనక అంత వేడి కూడా అక్కర్లేదు. గొట్టంలో ఆవిరి నిండితే పంపు దాన్నే లాగుతూ కూర్చుంటుంది, పెట్రోలు రాదు. తడిగుడ్డ వేస్తే ఆవిరి చల్లబడి మళ్లీ ద్రవమవుతుంది.

గుడ్డ వేశారు. ఇరవై నిమిషాలాగి సెల్ఫ్ కొడితే ఠక్కున అందుకుంది. "చూశావా" అన్నారు మాస్టారు.

కత్తిపూడి చేరకముందే మళ్లీ అదే తంతు. ఈసారి తడిగుడ్డ పంపు మీద ఉండగానే ఆగింది. దగ్గర్లోని మెకానిక్కుని పిలిస్తే అతను ఫిల్టరు విప్పి చూపించాడు. అడుగున ఎర్రటి తుప్పు పొడి. కార్బరేటర్ కూడా దింపి, గిన్నె కడిగి, జెట్లు నోటితో ఊది బిగించాడు. ఫిల్టరు కొత్తది వేశాడు. చేసింది అవసరమైన పనే. ముప్పై ఏళ్లు దాటిన ట్యాంకు తుప్పు రాలుస్తూనే ఉంటుంది, ఆ పొడి జెట్టుకి అడ్డం పడితే బండి నడవదు. అందరికీ ప్రాణం కుదుటపడింది. అన్నవరం దగ్గర బంకులో ట్యాంకు మూతదాకా నింపించారు. కొండ మీది సత్యదేవుడికి కారులోంచే దణ్ణం పెట్టుకుని కదిలారు.

తుని చేరకముందే ఆగింది. ట్యాంకు నిండా పెట్రోలుంది. ఫిల్టరు కొత్తది. పొద్దు కూడా వాలిపోయింది. మొదట నలభై, తర్వాత ఇరవై కిలోమీటర్లకి ఆగిన బండి ఈసారి పది పన్నెండుకే ఆగింది.

"పెట్రోలు మంచిది కాదు మావయ్యా" అన్నాడు మేనల్లుడు. "బంకులో పోయించాకే జబ్బు ముదిరింది."

ఆ అనుమానం గాల్లోంచి పుట్టలేదు. 2022 నాటికి దేశంలో పెట్రోలుకి 10 శాతం ఇథనాల్ కలపడం వచ్చేసింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపినది కొన్ని బంకుల్లో మొదలైంది. ఇథనాల్ తేమని పట్టుకుంటుంది. ఆ తేమ హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి. పాత కార్లకి వేసిన రబ్బరు హోసులు ఈ మిశ్రమం కోసం చేసినవి కావు. ఉబ్బుతాయి, మెత్తబడతాయి, లోపలి పొర ఊడుతుంది. ఇథనాల్ ట్యాంకు గోడలకి ఏళ్ల తరబడి పట్టిన జిగురుని కూడా కరిగించి తెచ్చి ఫిల్టరులో పోస్తుంది. పాత బండి ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ అనుమానం వేరు, రుజువు వేరు. మాస్టారు ఖాళీ మంచినీళ్ల సీసాలో కాస్త పెట్రోలు పట్టించి, ఫోను లైటు ముందు పెట్టి చూశారు. పది నిమిషాలుంచినా అడుగున నీటి గీత కట్టలేదు. రంగు తేటగానే ఉంది. పెట్రోలు మీద నేరం నిలవలేదు.

అటుగా వెళ్తున్న ఆటోవాళ్లు ఒక చెయ్యి వేసి తునిలో ఒక షెడ్డుకి చేర్చారు. అక్కడి కుర్రాడు చురుకైనవాడే. "పంపు అయిపోయిందండీ. డయాఫ్రం సాగిపోయుంటుంది" అన్నాడు. పాతది విప్పి పరీక్షించలేదు. రెండు వీధుల అవతల పాత స్టాకున్న కొట్లోంచి కొత్త పంపు తెప్పించాడు. బిగించాడు. బండి నున్నగా అందుకుంది. డబ్బులిచ్చి బయలుదేరేటప్పటికి ఎనిమిదిన్నర.

ఆ పంపుతోనే ఇప్పుడు నక్కపల్లి ఇవతల చీకట్లో నిలబడి ఉన్నారు.

పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే స్టార్టయింది. ఎక్కిళ్లు పెడుతూ నడిచి, ఊరి మొదట్లో ఒక లారీ షెడ్డు ముందు మళ్లీ ప్రాణం వదిలింది. షెడ్డులో ఒక్కటే బల్బు. లారీ కిందనుంచి అరవై దాటిన మనిషి బయటికొచ్చాడు. భుజాన తువ్వాలు, నెరిసిన గెడ్డం.

"ఏటైంది బాబూ?"

మేనల్లుడు మొదట్నించీ ఏకరువు పెట్టాడు. తడిగుడ్డ, ఫిల్టరు, కార్బరేటర్, పెట్రోలు, పంపు. ముసలాయన మధ్యలో అడ్డం రాకుండా అంతా విన్నాడు. విని, అప్పటిదాకా ఎవరూ అడగని మాట అడిగాడు.

"ఆగినప్పుడు పెట్రోలు ఎక్కడిదాకా వొచ్చి ఆగింది? అది సూసారా?"

ఎవరూ చూడలేదు.

ఈ కథ రాయాలనిపించింది ఆ ప్రశ్న కోసమే. మధ్యాహ్నం నుంచీ అందరూ జబ్బుకి పేరు వెతికారు. ఒక్కో పేరుకీ ఒక్కో వస్తువు మార్చారు. పెట్రోలు ట్యాంకులో బయలుదేరి, ఇనప గొట్టంలో నడిచి, రబ్బరు హోసు, ఫిల్టరు, పంపు దాటి, కార్బరేటర్ గిన్నెలో పడి, జెట్టులోంచి పైకొస్తుంది. దారి ఒక్కటే, అడ్డదారుల్లేవు. అది ఎక్కడిదాకా వచ్చిందో తెలిస్తే దాని అవతలి సామానంతటినీ విడిచిపెట్టేయొచ్చు. దీనికి పెద్ద సాధనాలక్కర్లేదు. ఒక సీసా, ఒక హోసు ముక్క, తొందరపడని చెయ్యి చాలు.

ముసలాయన ముందు షెడ్డు గుమ్మంలో బీడీ కాలుస్తున్న క్లీనర్ని అవతలికి పొమ్మన్నాడు. ఇసక బకెట్ దగ్గరికి లాక్కున్నాడు. ఎయిర్ క్లీనర్ విప్పి, కార్బరేటర్ గొంతులోకి టార్చి వేసి, యాక్సిలరేటర్ తీగని వేలితో లాగాడు. గిన్నెలో పెట్రోలుంటే లోపల సన్నధార చిమ్మాలి. ఏమీ లేదు. పొడి.

"గిన్నె కాళీ. అంటే జెట్టుల గోల కాదు, ప్లగ్గుల గోల కాదు. ఇక్కడికి రానేదు."

కాయిల్ వైరు పీకేశాడు. కార్బరేటర్‌కి వచ్చే గొట్టం విప్పి సీసాలో పెట్టాడు. "కొట్టు సెల్ఫ్." ఇంజను గిరగిరా తిరిగింది. సీసాలో రెండు చుక్కలు, కొంచెం నురగ. కొత్త పంపు కొట్టినా అంతే.

"చూశారా, పంపు కొట్టట్లేదు కదా" అన్నాడు మేనల్లుడు.

"కొట్టట్లేదా, కొట్టడానికి దానికేటీ అందట్లేదా?"

పంపుకి వెనకనుంచి వచ్చే హోసు క్లిప్పు వదులు చేసి లాగాడు. ట్యాంకు నిండుగా ఉంది, పెట్రోలు కారుతుందేమోనని అలవాటుగా బొటనవేలు అడ్డం పెట్టాడు. అక్కడ ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఏమీ అనలేదు. జేబులోంచి ఒక బోల్టు తీసి చటుక్కున హోసు మూతిలోకి దోపి క్లిప్పు బిగించేశాడు. పంపు మూతికి వేరే హోసు ముక్క తొడిగి, రెండో కొసని పెట్రోలు పోసిన సీసాలో ముంచాడు. కార్బరేటర్ గొట్టం మళ్లీ బిగించి, కాయిల్ వైరు పెట్టి స్టార్ట్ చేయించాడు.

ఇంజను లేచింది. ఐదు నిమిషాలయింది. రేజ్ చేశాడు, తగ్గించాడు, మళ్లీ రేజ్ చేశాడు. ఎక్కిళ్లేమీ లేవు. సీసాలో పెట్రోలు కళ్లెదుటే తగ్గుతోంది.

"పంపు మంచిదే. మీ పాత పంపూ మంచిదే అయ్యుంటది. దాన్ని పారేసారా?"

"డిక్కీలో ఉంది" అన్నారు మాస్టారు.

"దాచండి." ముసలాయన తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని ప్రశ్నలు మొదలెట్టాడు. ట్యాంకు ఎక్కడ నింపారు? నింపక ముందు ఎంత దూరానికోసారి ఆగింది? నింపాక ఎంతకి ఆగింది? ఆగాక ఎంతసేపటికి స్టార్టయింది? పొద్దు తిరిగాక కూడా ఆగిందంటే ఎండకి కాదన్నమాటేగా?

వెనకసీట్లోంచి అత్తయ్యే మాట కలిపింది. "నిండుగా ఉన్నప్పుడే తొందరగా ఆగిపోతోంది బాబూ. ఇందాకణ్ణుంచీ చూస్తున్నాను. తక్కువున్నప్పుడు కొంచెం దూరమైనా నడిచింది."

ముసలాయన ఆవిడ వైపు తిరిగి తలాడించాడు. "అమ్మ సరిగ్గా సెప్పింది." టార్చి తీసుకుని కారు వెనక్కి నడిచాడు. పెట్రోలు పోసే మూత మీద వెలుతురు వేశాడు. తాళంచెవి పెట్టి తిప్పే మూత. కొత్త నికెల్ పూత తళతళలాడుతోంది.

"ఇదెప్పుడేసారు?"

"మార్చిలోనండీ" అన్నాడు మేనల్లుడు. "పాతది వదులుగా ఉండి మలుపుల్లో పెట్రోలు వాసనొచ్చేది. పైగా రాత్రిపూట ఎవరో పెట్రోలు తీసేస్తున్నారు. అందుకని లాకున్నది కొన్నాను."

"ఎవరూ మాటాడకండి. నువ్వు తాళం తిప్పు, నెమ్మదిగా."

ఆయన వంగి చెవి మూత దగ్గర పెట్టాడు. తాళం తిరిగింది. మూత పావు చుట్టు కదలగానే లోపలికి గాలి బుస్సున దూసుకుపోయింది. ఆ శబ్దం బయట నిలబడ్డ మాస్టారికి కూడా వినపడింది. ఆగకుండా చాలాసేపు పీల్చుకుంది. ఆఖరున డిక్కీ కింద రేకు డబ్బుమని మోగింది. లోపలికి నొక్కుకుపోయిన ట్యాంకు గోడ మళ్లీ తన చోటికి వచ్చింది.

"ఇంతే" అన్నాడు ముసలాయన. "హోసు లాగినప్పుడు పెట్రోలు కారాల. కారనేదు. నా ఏలుని లోపలికి లాగింది. అప్పుడే అనుకున్నాను."

ట్యాంకులోంచి లీటరు పెట్రోలు పోతే ఆ చోటుని లీటరు గాలి నింపాలి. గాలికి దారి లేకపోతే లోపల ఒత్తిడి పడిపోతుంది. ముందున్న పంపు ఇటు లాగుతుంటే ట్యాంకు అటు లాగుతుంది. కాసేపటికి పంపు ఓడిపోతుంది. తగ్గిన ఒత్తిడికి గొట్టంలో పెట్రోలు ఇంకా సులువుగా ఆవిరవుతుంది కాబట్టి చూసేవాళ్లకి అచ్చంగా ఎండ దెబ్బలాగే కనిపిస్తుంది. ఆపి కూర్చుంటే సందుల్లోంచి కొంచెం కొంచెం గాలి దూరుతుంది, బండి మళ్లీ స్టార్టవుతుంది, తడిగుడ్డ పనిచేసిందనుకుంటాం. ట్యాంకు సగమే ఉంటే పైన ఖాళీ చాలా ఉంటుంది. లీటరు పోయినా లోపలి గాలి పెద్దగా పల్చబడదు. మూతదాకా నింపితే పైన ఖాళీయే లేదు. అదే లీటరు పోయేసరికి లాగుడు మొదలవుతుంది. ఆవిడ గమనించింది సరిగ్గా దీన్నే. మేనల్లుడు తప్పు పెట్రోలు మీద పెట్టిందీ దీన్ని చూసే.

ముసలాయన దీన్ని ఒక్క మాటలో చెప్పేశాడు. "నూనె డబ్బాకి ఒక్క సిల్లే పెడితే నూనె దిగుద్దా? అమ్మనడగండి, రెండు పెడతాది."

మేనల్లుడి మొహం చిన్నబోయింది. "నేను మూత మార్చకపోతే ఇదంతా ఉండేది కాదు."

"మూతొక్కదాని పని కాదిది. ఉండు." కారు కింద గోనెసంచి పరుచుకుని వెల్లకిలా దూరాడు. ట్యాంకు మెడ దగ్గర్నుంచి కిందికి దిగిన సన్న గాలిగొట్టాన్ని టార్చి వెలుగులో పట్టుకున్నాడు. పాత క్లచ్ కేబుల్లోంచి పీకిన ఒక తీగని అందులోకి పొడిచాడు. వేలెడు లోపలికి వెళ్లి ఆగింది. తిప్పుతూ పొడిచాడు. మట్టి రాలింది. గట్టిపడిన ఎర్రమట్టి బిరడా, అందులో ఎండిన సాలెపురుగుల కాళ్లు. మట్టిగూళ్లు కట్టే కందిరీగ అందులో గూడు కట్టి, పిల్లల కోసం తిండి దాచి, మూతి మూసి వెళ్లిపోయింది. అది ఏ ఏటిదో ఎవరూ చెప్పలేరు.

గాలిగొట్టం ఎప్పుడో మూసుకుపోయింది. అరిగిన పాత మూత సందుల్లోంచి గాలి దూరుతూ ఉండబట్టి ఎవరికీ తెలియలేదు. మార్చిలో వచ్చిన కొత్త మూత తన పని తాను శుభ్రంగా చేసింది, బిగుతుగా కూర్చుంది. ఉన్న ఒక్క దారీ మూతపడింది. ఊళ్లో నాలుగైదు కిలోమీటర్లు తిరిగే బండికి అది బయటపడలేదు. నలభై కిలోమీటర్లు ఏకబిగిన నడిపితేనే బయటపడింది.

గొట్టం రెండో కొసనుంచి సైకిలు పంపుతో గాలి కొట్టాడు. తిరిగి మట్టి పట్టకుండా, ఇంకో పురుగు దూరకుండా కొసకి సన్నటి ఇత్తడి జాలీ ముక్క చుట్టాడు. లాకు మూత అలాగే ఉంచమన్నాడు. హోసులు బిగించి, "ఎలమంచిలి దాకా ఆపకుండా పో. అక్కడ ఇంజను ఆపకుండానే మూత తిప్పి సూడు. బుస్సుమంటే ఎనక్కి రా. అననేదంటే కొండకి పో" అన్నాడు.

మూడొందలడిగాడు. మాస్టారు ఐదొందల నోటిస్తే లోపలికెళ్లి రెండొందలు తెచ్చి ఇచ్చాడు.

ఎలమంచిలిలో మూత తిప్పారు. ఏ శబ్దమూ లేదు. అనకాపల్లి, గాజువాక దాటి అర్ధరాత్రి తర్వాత విశాఖలో బంధువుల ఇంటికి చేరారు. రెండు గంటలు నడుం వాల్చి, తలస్నానాలు చేసి, తెల్లారకముందే సింహాచలం క్యూలో నిలబడ్డారు. అత్తయ్యకి దర్శనమయ్యేసరికి బాగా పొద్దెక్కింది. చాలాసేపు నిలబడినా మోకాలు నొప్పెట్టలేదని ఆవిడ నాతో రెండుసార్లు చెప్పింది.

తిరుగు ప్రయాణంలో నూట తొంభై కిలోమీటర్లు బండి ఎక్కడా తడబడలేదు. ఇంటికొచ్చాక మేనల్లుడు మిగిలిన పనులు పూర్తిచేశాడు. ట్యాంకు దింపి తుప్పు కడిగించాడు. ఇంజను దగ్గరి పాత రబ్బరు హోసులు తీసేసి, ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయించాడు. తీసిన హోసుని నిలువునా కోసి నాకు చూపించాడు. లోపలి పొర గోటితో గీస్తే నల్లగా ఊడి వస్తోంది. ఇంకో ఏడాదికో రెండేళ్లకో అదే బండిని నడిరోడ్డు మీద నిలబెట్టేది. ఆ రాత్రికి మాత్రం దాని తప్పేమీ లేదు.

తునిలో కొన్న పంపుని విప్పి, డిక్కీలో పడేసిన పాత పంపుని శుభ్రం చేసి మళ్లీ బిగించాడు. సీసా పెట్టి సెల్ఫ్ కొడితే ధార బలంగా కొట్టింది. ఆ పాత పంపే ఇప్పటికీ బండిని నడుపుతోంది. కొత్తది అట్టపెట్టెలో, స్టెప్నీ పక్కన ఉంది.